అంతోనయ్య మస్కెట్టు మీది పాలిష్

18-8-2025, సోమవారం

ముందే చెబుతున్నా, నా దస్తూరి బాగోదు. అన్నీ కోడిగీతలు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఐదో తరగతి దగ్గరే మర్చిపోయాను. ఎవరైనా చదివితే తప్పులు మన్నించాలి. ఎవరూ చదవరనుకోండి. అయినా చెప్పటం మర్యాద.

ఈ డైరీ మా అబ్బాయి గిరిబాబు ఎరువుల కొట్టుకి కంపెనీ వాళ్లు ఇచ్చారు. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. నాకు నోటితో చెప్పటం చేతకాదు. అందుకని రాస్తున్నా.

సంగతేంటంటే నా పాత తుపాకి పోయింది. గొట్టంలో సన్నటి పగులు కనపడింది. పేలిస్తే నా మొహమే పోతుందన్నారు. అప్పగించేశాను. లైసెన్సు మాత్రం ఉంది. అందులో తుపాకి నంబరు రాసే గడి ఖాళీగా ఉంది. వినగడప మామిడితోట పక్కన మొక్కజొన్న వేశాం. పందులు దిగుతున్నాయి. గాలిలోకి ఒకటి పేలిస్తే చాలు, పోతాయి. నేను ఇన్నేళ్లలో గాలినే కాల్చాను, ఇంకేమీ కాల్చలేదు.

గిరిబాబు కొత్తది కొనమంటాడు. కొత్తవి నాకు నచ్చవు. సైకిలు పంపుల్లా ఉంటాయి. నాకు పాతది కావాలి. మిలిటరీది. ఎప్పుడో ఒకటి చూశాను. అది ఎవరిదో ఇప్పుడెందుకు.

21-8-2025, గురువారం

బెజవాడ వెళ్లొచ్చాం. నాగేశ్వరమ్మ కూడా వచ్చింది. ఈ నెల పదిహేను నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక మా ఆవిడకి బెజవాడలో పనులు పుట్టుకొస్తున్నాయి.

బస్సు నిండా ఆడవాళ్లే. కండక్టరు కూడా ఆడమనిషే. "ఎక్కడికి పెద్దాయనా?" అంది.

"బెజవాడ" అన్నాను. వినపడలేదు. మళ్లీ అన్నాను.

"అమ్మకి జీరో టికెట్టు. ఆధార్ చూపించమ్మా."

నాగేశ్వరమ్మ కార్డు చూపించి, "ఈయనక్కూడా ఫ్రీ ఇచ్చెయ్యరాదూ. నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడడు. మగాళ్ల లెక్కలోకి ఎట్లా వస్తాడు?" అంది. బస్సంతా నవ్వు. కండక్టరు కూడా నవ్వింది, తల కొంచెం వెనక్కి వేసి. ఆ నవ్వు నాకు తెలుసు. చొక్కా మీద పేరు బిళ్ల చదివాను. రూత్.

అంతోనయ్య కూతురు.

అంతోనయ్యది ఎ.కొండూరు. మిలిటరీలో చేసి వచ్చాడు. నాకు స్నేహితుడు. ఒకప్పుడు. పోయి ఆరేళ్లయింది. నేను చూడటానికి వెళ్లలేదు.

ఎ.కొండూరు రాగానే చెప్పు తెగిందేమోనని వంగి చూసుకున్నాను. తెగలేదు.

తుపాకుల కొట్టు మురళీకృష్ణది. వాళ్ల తాత పెట్టింది. పాత తుపాకి కావాలంటే అదే చోటు. లైసెన్సుదారు పోతాడు, పిల్లలకి లైసెన్సు ఉండదు, ఇంట్లో పెట్టుకోకూడదు. తెచ్చి ఇతని ఇనప గదిలో పెడతారు. కొనేవాళ్లు వచ్చేదాకా అక్కడే. అలా ఎంతమంది తుపాకులో ఆ గదిలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాయి.

"రాఘవయ్య గారూ, మిలిటరీ పీసే కావాలా? అయితే కూర్చోండి" అని మూడు ఫోర్‌టెన్ సైజు మస్కెట్లు తెచ్చి బల్ల మీద దుప్పటి పరిచి పెట్టాడు. మిలిటరీలో వాడిన రైఫిళ్లే. వాళ్లు తీసేశాక గొట్టం లోపలి మెలికలు తొలిచేసి నున్నగా చేశారు, మనలాంటి వాళ్లు పెట్టుకునేలా. కాగితం మీద మస్కెట్టు అంటారు. చూస్తే మాత్రం రైఫిలే.

మొదటిది చేతికిచ్చాడు. నాకు మాట రాలేదు. ఎప్పుడూ రాదు, కానీ ఇది వేరు. కర్ర ముదురు చింతపండు రంగు. ఎనభై ఏళ్ల నూనె పీల్చుకుంది. కర్రా ఇనుమూ కలిసే చోట వెంట్రుక దూరదు. ఎవడు చేశాడో. కూలి మనిషే అయి ఉంటాడు. ఆ రోజు వాడికి ఇంట్లో ఏం గొడవ ఉందో, ఏం తిని వచ్చాడో. అయినా అంచు ఎక్కడా వంకర పోలేదు.

"అంకెలు చూడండి" అన్నాడు మురళీకృష్ణ. గుండు ఎక్కించే బోల్టు మీద ఒక అంకె. ఒంటి మీద అదే అంకె. కర్ర మీద అదే. "తల్లీ ఒకటే, తండ్రీ ఒకటే. బయట దొరికేవి పదింట తొమ్మిది అతుకుల బొంతలండి. బోల్టు ఒకదానిది, కర్ర ఒకదానిది. ఇలాంటిది నాకు ఐదేళ్లకి ఒకటి వస్తుంది."

రెండోది అతుకుల బొంత. నాకే తెలిసింది.

మూడోది సరిగ్గా చూడలేదు. వెలుతురు చాల్లేదు.

22-8-2025

వెలుతురు బాగానే ఉంది. నెత్తిమీద రెండు ట్యూబ్‌లైట్లు ఉన్నాయి.

25-8-2025, సోమవారం

వాన. తోటకి వెళ్లలేదు. రాసేస్తే పోతుంది.

1983 దసరా. అంతోనయ్య భార్యకి నొప్పులొస్తే బెజవాడ తీసుకెళ్లాడు. ఇల్లు తాళం. తుపాకి స్టేషన్లో పెట్టాలి, కానీ అంత టైము లేదు. నాకూ లైసెన్సు ఉంది, ఇనప పెట్టె ఉంది. తెచ్చి నా చేతిలో పెట్టి, "తొమ్మిది రోజులు నీ దగ్గర ఉంచు రాఘవయ్యా" అన్నాడు. పరుగెత్తాడు.

అది మిలిటరీ మస్కెట్టు. దాన్ని వెతుక్కోటానికి ఆయన మూడేళ్లు తిరిగాడు. హైదరాబాదు, మద్రాసు, ఎక్కడ వేలం అంటే అక్కడికి. దొరికిన రోజు నన్ను పిలిచి మంచం మీద పెట్టి చూపించాడు. చంటిబిడ్డని చూపించినట్టు. భుజానికి ఆనించే మడమ మీద గుండ్రటి ముద్ర ఉంది, ఆయన పటాలానిది. దానికింద కత్తితో చెక్కిన రెండు అక్షరాలు. ఏదో చెప్పాడు వాటి గురించి. నేను కర్ర మీది నూనె మరక చూస్తున్నాను. వినలేదు.

నాకు వచ్చిన పని ఒకటే. పాలిష్. మా ఇంటి తలుపులు, మంచాలు, బండి కాడి, అన్నీ నేనే చేసుకున్నా. స్పిరిటులో లక్క నానబెట్టి, దూది గుడ్డలో చుట్టి, వంద సార్లు లాగాలి. నా పాలిష్ చూసి వడ్రంగులు కూడా ఆగి చేయి వేసి చూసేవాళ్లు.

ఆయుధ పూజకి నాగలి కడిగాను, కొడవళ్లు కడిగాను, నా తుపాకి తుడిచాను. పక్కన ఆయన తుపాకి. మరకలతో, గీతలతో. స్నేహితుడు బిడ్డతో తిరిగొచ్చేసరికి కొత్తపెళ్లికూతురిలా చేసి ఇద్దామనుకున్నాను. గాజు పెంకుతో కర్ర అంతా గీకాను. గరుకు కాగితం వేశాను. మడమ కొన కొంచెం విరిగి ఉంటే రోజ్‌వుడ్ ముక్క కోసి అతికాను. లక్క వేశాను. ఐదు రోజులు పట్టింది. నా జన్మలో అంత మంచి పాలిష్ వేయలేదు. చివర పసుపు, కుంకుమ. మూడు బొట్లు.

అంతోనయ్య వచ్చాడు. ఆడపిల్ల పుట్టిందన్నాడు. తుపాకి తీసుకున్నాడు. మడమ మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రుద్దాడు. "బాగా మెరుస్తోంది రాఘవయ్యా" అన్నాడు. వెళ్లిపోయాడు.

మళ్లీ మా ఇంటికి రాలేదు.

బొట్లు పెట్టినందుకు. వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు. పట్టింపు అయింది. అందరికీ అదే చెప్పాను. అదే నిజం.

2-9-2025, మంగళవారం

మళ్లీ బెజవాడ. ఒక్కణ్ణే. బస్సులో రూత్ లేదు. డ్యూటీ మారిందేమో. ఊపిరి పీల్చుకున్నాను.

మురళీకృష్ణ మొదటి మస్కెట్టు మళ్లీ చూపించాడు. "త్వరగా తేల్చండి. హైదరాబాదు నుంచి శశాంక్ అని ఒక డాక్టరు గారు రోజూ ఫోన్ చేస్తున్నారు. నేను మీ పేరు చెప్పి ఆపుతున్నా."

అది చేతిలో ఉంటే ఇంకేమీ వద్దనిపిస్తుంది. మడమ మీద చిన్న కిరీటం గుర్తు. పక్కన ఏడాది. దాని పక్కన ఒక తారీకు, ఎవడో రిపేరు చేసి వేసుకున్నది. ఒక్కో గీతకీ ఒక్కో మనిషి. చూస్తుంటే తల తిరిగింది.

"ఇవి ఉంటేనే విలువండి" అన్నాడు. "ఎక్కడ తయారైంది, ఏ పటాలానికి వెళ్లింది, ఎన్నిసార్లు బాగుచేశారు, అంతా కర్ర మీదే ఉంటుంది. కర్రే దాని జాతకం. అది చెరిపేస్తే ఇంకేముంది? ఇదిగో, మా వార్నిష్ పెళ్లికొడుకుని చూడండి" అని మూడోది తీసి నవ్వాడు.

నేను కూడా నవ్వాను. దేవుడా, నవ్వాను.

"ఎవడో మహానుభావుడు గాజు పెంకుతో గీకి పారేశాడు. ముద్ర లేదు, నంబరు లేదు. ఇనుము మీద అంకెలన్నీ కలుస్తున్నాయి, చూడండి, ఎంత మంచి పీసో! ఒక్క కర్ర చెడగొట్టాడు. ఆరేళ్లయింది, అడిగినవాడు లేడు. అమ్మాయి పాపం ప్రతి ఏడూ వచ్చి, అమ్ముడైందా అంకుల్ అని అడిగి పోతుంది. ఈ దసరా దాటాక పోలీసోళ్లకి రాసిచ్చేస్తాను. వాళ్లు విరగ్గొట్టి కరిగిస్తారు."

"ఏ అమ్మాయి?" అన్నాను.

"మీ రూట్లోనే కండక్టరండి. రూత్."

టీ తెప్పించాడు. తాగానో లేదో గుర్తు లేదు.

3-9-2025

అలా పాలిష్ చేసేవాళ్లు చాలామంది ఉంటారు.

4-9-2025

మడమ కొనకి రోజ్‌వుడ్ ముక్క. ఏటవాలుగా కోసి అతికినది. అలా కోసేది నేనే.

9-9-2025, మంగళవారం

అన్నం సయించటం లేదు. నాగేశ్వరమ్మ కనిపెట్టింది. ఆవిడ కళ్లు గద్ద కళ్లు.

"తుపాకి దొరకలేదా?"

"దొరికింది."

"మరి మొహం అట్లా పెట్టావేం? పందులు నిన్ను చూసి జాలిపడి పోయేట్టున్నాయి."

చెప్పాను. నలభై రెండేళ్లకి మొదటిసారి. బొట్లు కాదు, ముద్రలు అని. ఆయన ఆ రోజు బొటనవేలు పెట్టి వెతికింది ఆ అక్షరాలని అని. ఆవిడ చేతిలో చాట అలాగే ఉండిపోయింది.

"అంటే ఇన్నేళ్లూ ఆ మనిషిని మతపిచ్చోడని మనమే అనుకున్నామా?"

"నువ్వు అనుకోలేదు. నేను చెప్పాను."

"మరి ఆయన ఒక్క మాట తిట్టొచ్చుగా!"

తిట్టలేదు. అదే. బాగా మెరుస్తోంది అన్నాడు.

ఆవిడ చాట కింద పెట్టి, "ఆ పిల్లకి చెప్పెయ్యి. బస్సులో రోజూ తిరిగే పిల్లేగా" అంది. ఆవిడకి అన్నీ తేలిక. పాలవాడితో అరగంట మాట్లాడుతుంది.

10-9-2025

చెప్పలేను.

16-9-2025, మంగళవారం

ఇది నిదానంగా రాయాలి. బస్సు దిగి చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాను. దస్తూరి ఇంకా పాడవుతుంది, ఏం చేయను.

ఇవాళ మురళీకృష్ణని అడిగాను, ఆ మూడోది విప్పి చూపిస్తావా అని. "దాన్నా? ఎందుకండీ?" అన్నాడు. నేను వేలితో దాన్నే చూపించాను. స్క్రూ డ్రైవరు తెచ్చాడు. మంచివాడు.

ముందు గొట్టం కింది కర్ర ఊడదీశాడు. గొట్టం పడుకునే గాడి లోపల గాజు పెంకు దూరదు. నేను అక్కడ గీకలేదు. అక్కడ కర్ర పాత రంగులోనే ఉంది, చింతపండు రంగు. ఎండా వానా తగలని కర్ర. పాత నూనె వాసన వచ్చింది. బండి ఇరుసు దగ్గర వచ్చే వాసన. మురళీకృష్ణ టార్చి వేశాడు. గాడిలో అంకెలు. ఒంటి మీద అంకె, బోల్టు మీద అంకె, గాడిలో అంకె. ఒకటే.

మురళీకృష్ణ టార్చి ఆర్పి మళ్లీ వేశాడు.

"తల్లీ ఒకటే, తండ్రీ ఒకటే" అన్నాడు చివరికి, మెల్లగా, గుళ్లో మాట్లాడినట్టు. "ఆరేళ్లుగా నా దగ్గరే ఉంది. నేనే విప్పలేదు చూడండి."

తర్వాత మడమ దగ్గరికి వచ్చాడు. మడమ చివర ఇత్తడి రేకు, రెండు స్క్రూలు. పై స్క్రూ గాడిలో ఏదో ఎర్రగా గట్టిపడి ఉంది. "మట్టి" అని గుండుసూది తీశాడు.

"ఆగు!"

అంత గట్టిగా నేను పందుల మీద కూడా అరవలేదు. బయట కూర్చున్న గుమాస్తా లేచి వచ్చాడు. మురళీకృష్ణ సూది పట్టుకుని అలాగే ఉన్నాడు.

కుంకుమ. నా కుంకుమ. మూడు బొట్లలో ఒకటి ఇత్తడి మీద పెట్టాను. పైన తుడుచుకుపోయింది. గాడిలోది ఉంది. మిలిటరీవాడు తుపాకి తుడిస్తే స్క్రూ గాడిలో నలుసు ఉంచడు. అంతోనయ్య అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి ప్రతి గాడీ తుడిచేవాడు, నేను చూశాను. మిగిలిన స్క్రూ గాడులన్నీ అద్దంలా ఉన్నాయి. ఇదొక్కటి వదిలేశాడు. మొదటి రోజు వదిలేశాడు, తర్వాత తుడిచిన ప్రతిసారీ వదిలేశాడు. ముప్పై ఆరేళ్లు.

కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాను.

అప్పుడు పాలిష్ చూశాను. ఇందాకటి దాకా దాన్ని చూడటానికి సిగ్గేసి చూడలేదు. లక్క పాలిష్ ఐదారేళ్లకి చచ్చిపోతుంది. చెమట తగిలితే తెల్లబడుతుంది. మా ఇంటి తలుపులకే నేను నాలుగు సార్లు మళ్లీ వేశాను. ఇది నలభై రెండేళ్ల నాటిది. మెరుస్తోంది. ఎలా మెరుస్తుంది?

గోరు పెట్టి అంచు దగ్గర చూశాను. పొర మీద పొర. కింది పొర నాది, నిలువుగా లాగినది. నా చేయి నాకు తెలుసు. దానిమీద వేరే చేయి. గుండ్రంగా తిప్పిన చేయి, మొదట మొరటుగా, అక్కడక్కడ గుడ్డ అంటుకుని. పైపైకి వచ్చేకొద్దీ నున్నగా. ఒకసారి కాదు. ఏడెనిమిది సార్లు వేశాడు. వేస్తూ వేస్తూ నేర్చుకున్నాడు.

ఆ పాలిష్ ఆయన బతికినంత కాలం బతికించాడు. తన పటాలం ముద్రని చెరిపేసిన పాలిష్.

ఎవరిని అడిగి నేర్చుకున్నాడో. నన్ను అడగొచ్చుగా అనుకున్నాను. బస్సులో సగం దారి వచ్చాక తెలిసింది. నేను కనిపిస్తేగా అడగటానికి.

ఎ.కొండూరులో వంగలేదు. కిటికీలోంచి చూశాను. వాళ్ల వీధి మలుపు దగ్గర ఇప్పుడు మొబైల్ షాపు ఉంది.

17-9-2025

పైన ఒక చోట తప్పు రాశాను. ఆయన మా ఇంటికి రాలేదని రాశాను. నేను వాళ్ల ఇంటికి వెళ్లలేదు. బిడ్డని చూడటానికి కూడా. ఆ నెలలో ఒకసారి ఆయన సైకిలు మా వీధిలో ఆగింది. గంట కొట్టాడు. నేను పెరట్లో ఉండి పలకలేదు. నాగేశ్వరమ్మ పుట్టింట్లో ఉంది. రెండోసారి కొట్టాడు. తర్వాత వెళ్లిపోయాడు.

అది ఎవరికీ చెప్పలేదు. నాక్కూడా.

22-9-2025, సోమవారం

మురళీకృష్ణ ఫోన్ చేశాడు. "డాక్టరు గారు రేపు కారేసుకుని వస్తున్నారు. మొదటిది మీకే ఉంచాను. ఊ అంటే చాలు, రేపు కాగితాలు మొదలెడతాను."

నా లైసెన్సులో గడి ఒకటే.

మొదటిది కళ్లముందే ఉంది. కిరీటం గుర్తు, ఏడాది, తారీకు. అలాంటిది నేను మళ్లీ చూడను. నాకు డెబ్బై ఏడు. మనసు పడ్డ వస్తువు అంటే అది. అబద్ధం ఎందుకు.

"డాక్టరుగారికి ఇచ్చెయ్యి" అన్నాను. "నాకు మూడోది."

"ఏంటండీ?"

"పెళ్లికొడుకు."

"రాఘవయ్య గారూ, ఎండలో తిరిగారా? ఫోన్ అమ్మగారికి ఇవ్వండి."

ఇచ్చాను. నాగేశ్వరమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "ఆయన చెప్పిందే చెయ్యి బాబూ. ఆయన నోరు తెరిచి అడిగింది నా పెళ్లయ్యాక ఇదే మొదలు" అంది.

పోలీసోళ్ల లిస్టు నుంచి దాన్ని తీసేశానన్నాడు. కానీ అమ్మేవాళ్ల సంతకం కావాలి. దసరా అయ్యాక కాగితం రూత్‌కి పంపుతాడు. అందులో కొనేవాడి పేరు ఉంటుంది. ఆ పేరు వాళ్ల ఇంట్లో ఎలా పలికేవారో నాకు తెలియదు. ఆ అమ్మాయి వద్దంటే, కొనేవాడు లేడు, అది మళ్లీ లిస్టులోకే.

కాగితం వెళ్లేలోపు నేను చెప్పాలి.

24-9-2025, బుధవారం

రూత్ బస్సే దొరికింది. నాలుగు వాక్యాలు కంఠతా పట్టుకున్నాను. దగ్గరికి వచ్చింది.

"బెజవాడేనా పెద్దాయనా?"

"ఎ.కొండూరు" అన్నాను. ఎందుకన్నానో.

"ఎ.కొండూరా! మా ఊరే. ఎవరింటికి?"

"ఒకాయన ఉండేవాడు."

"పేరు చెప్పండి, నాకు తెలియని ఇల్లు లేదక్కడ."

నాలుగు వాక్యాలూ గొంతులోనే ఉన్నాయి. వెనక ఎవరో, "రూత్ మేడమ్, జీరో టికెట్టు కొట్టండి, చెకింగ్ వస్తే నన్ను దింపేస్తారు" అని అరిచారు. వెళ్లిపోయింది.

ఎ.కొండూరులో దిగాను. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "జాగ్రత్తగా, ఆ రాయి ఊగుతుంది" అని చేయి అందించింది. చేయి పట్టుకుని దిగాను. బొటనవేలు వెడల్పుగా, అంతోనయ్యదే.

మొబైల్ షాపు దాకా నడిచాను. వీధిలోకి తిరిగాను. ఇల్లు ఉంది. తాళం. అరుగు మీద కూర్చున్నాను. అరగంట ఉన్నానేమో. తలుపుకి పాలిష్ వేసి ఉంది. గుండ్రంగా తిప్పిన చేయి.

1-10-2025, బుధవారం, మహర్నవమి

నాగలి లేదు ఇప్పుడు, ట్రాక్టరు కడిగాను. కొడవళ్లు పెట్టాను. తుపాకి పెట్టే చోటు ఖాళీగా వదిలి, పీట మాత్రం వేశాను. నాగేశ్వరమ్మ చూసింది. ఆ పీట ముందు కూడా ఒక పువ్వు పెట్టింది.

నాకు నోటితో రాదు. కాబట్టి కాగితం. రేపు టికెట్టు తీసుకునేటప్పుడు చేతిలో పెట్టేస్తాను. తప్పులు పోకుండా ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

అమ్మా రూత్,

నేను తిరువూరు వీరరాఘవయ్యని. నీ బస్సులో ఎక్కే ముసలాయన్ని, ఎ.కొండూరులో చేయి ఇచ్చి దింపావే, ఆ మనిషిని. మీ నాన్నగారు అంతోనయ్య గారు నాకు స్నేహితులు.

మురళీకృష్ణ కొట్లో ఉన్న మీ తుపాకి కర్రని గీకి చెడగొట్టింది నేనే. నువ్వు పుట్టిన వారంలో. మంచి చేద్దామనే చేశాను, కానీ అడగకుండా చేశాను. దాని మీద మీ నాన్నగారి పటాలం ముద్ర ఉండేది, రెండు అక్షరాలు ఉండేవి. అవి ఎవరివో ఆయన నాకు చెప్పారు. నేను వినలేదు. తర్వాత ఆయన మా ఇంటికి వచ్చి సైకిలు గంట కొట్టారు. నేను పలకలేదు. ఆ తర్వాత అందరితో ఆయనదే తప్పన్నట్టు చెప్పాను. ఇవి మూడూ నా తప్పులే.

ఆ తుపాకి చెడిపోలేదమ్మా. కర్ర లోపల నంబరు ఉంది, కళ్లతో చూశాను. మీ నాన్నగారు దాని మీద పాలిష్ ఎన్నిసార్లు వేశారో నేను లెక్కపెట్టగలిగినంత లెక్కపెట్టాను. అంత ఓపిక నేను ఎక్కడా చూడలేదు.

దాన్ని నేను కొనుక్కుందామని అడిగాను. కాగితం నీ దగ్గరికి వస్తుంది. నా మీద కోపం ఉంటే సంతకం పెట్టవద్దు, నేనేమీ అనుకోను. కానీ విరగ్గొట్టటానికి మాత్రం ఇవ్వవద్దు. సంతకం పెడితే అది మా ఇనప పెట్టెలో ఉంటుంది. నీకు ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు రావచ్చు. పాలిష్ నేను ముట్టుకోను. పై స్క్రూ గాడి తుడవను.

ఒక్కటి అడుగుతాను. నీకు ఎప్పుడైనా ఆ రెండు అక్షరాలు ఎవరివో ఆయన చెప్పారా? చెప్పి ఉంటే రాయి. ఈసారి వింటాను.

నోటితో చెప్పనవసరం లేదు, నాకూ అలవాటు లేదు. టికెట్టు వెనకాల రెండు ముక్కలు రాసిచ్చినా చాలు. రోజూ తొమ్మిదింటికి బస్టాండులో ఉంటాను. తొందరగా రాయమ్మా.